షుగర్ బూట్లు

నాకు రోత ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. బస్సులో పక్క సీటాయన గుట్కా నములుతుంటే లేచి నిలబడతాను. హోటల్లో గ్లాసు అంచు చూడకుండా నీళ్లు తాగను. చుట్టాలింట్లో తడి టవలు చేతికిస్తే నా కొంగుకే తుడుచుకుంటాను. రాజుల ఇంట్లో పుట్టాల్సింది తొవ్వ తప్పి తన కడుపున పడ్డదని మా అవ్వ అందరికీ చెప్పి నవ్వేది. ఇన్నింటికి ముక్కు మూసుకునే నాకు, ఊరికొచ్చిన చుట్టాలంతా ముక్కు మూసుకునే ఒక వాసన మాత్రం ఇష్టం. బోధన్‌లో చెరుకు ఆడించే రోజుల్లో గాలి నిండా కమ్ముకునే చెరుకు మడ్డి, మొలాసిస్ వాసన అది. తియ్యగా, వెచ్చగా, కొంచెం కుళ్లినట్టు ఉండేది. బాపు డ్యూటీ దిగి ఇంటికొస్తే ఆయన చొక్కాలోంచి అదే వచ్చేది. ఆ చొక్కా పట్టుకుని నిద్రపోయేదాన్ని.

మా ఊళ్లో షుగర్ అంటే ఫ్యాక్టరీ. ఇంకో అర్థం లేదు. తినేదాన్ని శక్కర్ అనేవాళ్లం. బాపు షుగర్‌లో పని చేసేవాడు, మేము షుగర్ క్వార్టర్లలో ఉండేవాళ్లం, షుగర్ సైరన్ మోగితే అవ్వ పొయ్యి మీద ఎసరు పెట్టేది. ఎవరింటి పిల్లవాడికైనా షుగర్ వచ్చిందంటే నౌకరి దొరికిందని, సాయంత్రానికి మిఠాయి పంచుతారని అర్థం. నేను చదువుకోసం నిజామాబాద్ వచ్చి హాస్టల్లో చేరినప్పుడు, పక్క మంచం అమ్మాయి వాళ్ల నాన్నకు షుగర్ వచ్చిందని ఏడుస్తుంటే, మంచిదే గదా, ఎందుకేడుస్తున్నవ్ అన్నాను. ఆ పిల్ల ఆ ఏడాదంతా నాతో మాట్లాడలేదు.

తర్వాత షుగర్ బందయింది. గేటుకు తాళం పడింది. సైరన్ ఆగింది, వాసనా పోయింది. రెండో షుగర్ ఎప్పుడొచ్చిందో చెప్పలేను గానీ వచ్చాక ఇంటింటికీ వచ్చింది. దానికి ఊళ్లోవాళ్లు వేరే పేరు పెట్టలేదు, ఉన్న పేరుతోనే పిలిచారు. "ఆయన షుగర్లుండె" అంటే నౌకరి, "ఆయనకు షుగరుండె" అంటే రోగం. మాకు ఆ తేడా చెవికి తెలిసిపోతుంది. బయటి నుంచి వచ్చినవాళ్లకు తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ అనిపించలేదు కూడా.

ఇక బూట్లు. ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర పని చేసేవాళ్లకు కంపెనీ బూట్లు ఇచ్చేది. మందపాటి నల్ల తోలు, ముందు భాగంలో తోలు కింద ఇనుప రేకు. వాటిని ఊరంతా షుగర్ బూట్లనేవాళ్లు. ఒకసారి బాపు కాలి మీద ఇనుప కడ్డీ పడితే రేకు సొట్టపోయింది గానీ వేళ్లకు ఏమీ కాలేదు. ఆ ఆదివారం మా మెథడిస్టు చర్చిలో బాపు లేచి నిలబడి, దేవుడు నాకు ఈ బూట్లిచ్చి నా కాలు కాపాడిండని సాక్ష్యం చెప్పాడు. బూట్లిచ్చింది కంపెనీ గదా అని వెనక నుంచి ఎవరో అన్నారు. పాస్టరు గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆ జతే ఫ్యాక్టరీ మూతపడక ముందు ఆఖరుసారి ఇచ్చింది, దాన్ని బాపు అటక మీద దాచుకున్నాడు. శనివారం సాయంత్రం పాలిష్ పెట్టి, ఆదివారం తొడుక్కుని చర్చికి పోయేవాడు. అక్కడ అందరూ చెప్పులు బయటే విడిచి లోపలికి పోతారు. ఆ చెప్పుల వరసలో బాపు బూట్లు ముందు నిలబడేవి, దర్జాగా. మిగిలిన రోజులన్నీ రబ్బరు చెప్పులు, పొలానికి పోతే చెప్పుల్లేని బరికాళ్లు. కౌలుకు పట్టిన కొంచెం మడి ఉంది ఆయనకు. పొద్దున లేచి అక్కడికి నడిచి పోకపోతే ఆయనకు అన్నం సయించదు.

అటువంటి మనిషి ఉన్నట్టుండి రోజూ బూట్లు తొడగడం మొదలుపెట్టాడు. నేను నిజామాబాద్‌లో బళ్లో లెక్కలు చెప్తాను, ఆదివారాలు వీలైనప్పుడు బోధన్ పోతాను. ఓ ఆదివారం చూస్తే కిరాణా దుకాణానికి బూట్లు, పెరట్లోకి బూట్లు. పొలం గట్టు మీద కూడా అవే బూట్లని అవ్వ చెప్పింది. వంటింట్లోకి కూడా అట్లాగే వస్తున్నాడని ఆమె మొత్తుకుంది. కొత్త పెళ్లికొడుకు లెక్క తయారైనవేంది బాపూ అని ఎగతాళి చేశాను. ఊళ్లో డాక్టర్ల క్యాంపు పెట్టారట, రక్తం చూశారట, షుగర్ ఎక్కువుందన్నారట. బరికాళ్లతో తిరగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. నాకు సంతోషమే అయింది. ఎవరి మాటా వినని మనిషి డాక్టరు మాట వింటున్నాడు కదా అనుకున్నాను.

ఆ క్యాంపుల సంగతి నాకు తెలుసు. ఫంక్షన్ హాల్లో పెడతారు. బయట మనిషంత ఫ్లెక్సీ, దాని మీద చేతులు జోడించిన మొహాలు. పేరు ఆరోగ్య శిబిరమే గానీ ఫొటో దిగడానికి ఉన్నంత తీరిక నాడి పట్టడానికి ఉండదు. ముసలివాళ్లను వరసగా కూర్చోబెట్టి వేలికి సూది గుచ్చుతారు. గుచ్చిన దూది ముక్కలన్నీ కుర్చీల కింద పడి ఉంటాయి, రక్తం మరకలతో, వాటి మీదే ఉప్మా ప్లేట్లు పట్టుకుని తిరుగుతారు. స్టేజీ మీద డాక్టరు మైకు పట్టుకుని ఏం తినాలో, ఏం తినొద్దో చెప్తాడు. కిందికి దిగి ఒక్కరి పాదం ముట్టడు. వచ్చినవాళ్లకు ఓ గోలీల షీటు చేతిలో పెట్టి పంపుతారు. బాపు ఆ గోలీలు అయిపోయేదాకా మింగాడు, తర్వాత మానేశాడు. గోలీలతో కిడ్నీలు పోతాయని, కాకర రసం చాలని ఇంకొకాయన చెప్పాడు. ఆ ఇంకొకాయన గురించి ముందు ముందు చెప్తాను, చెప్పకుండా ఉండలేను.

వానల్లో ఒక ఆదివారం పొలం దాకా పోయి వచ్చి బాపు అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్నాను. కుడి బూటు ఊడగానే వాసన వచ్చింది. ఒక్క క్షణం నాకు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. అదే తీపి, అదే వెచ్చటి కుళ్లు. ఇన్నేళ్లకు మళ్లీ ఆ వాసన ఎక్కడిదా అని తలెత్తి గాలి పీల్చాను కూడా. తర్వాత తెలిసింది అది బాపు కాలిదని. చేతిలో కాయలు పడేసి పెరట్లోకి ఉరికి కక్కుకున్నాను. ఏ వాసన పట్టుకుని చిన్నప్పుడు నిద్రపోయానో అదే వాసనకు కక్కుకున్నానని ఇప్పటికీ తలుచుకుంటే మనసంతా చేదవుతుంది.

తిరిగి వచ్చి చూశాను. సాక్సు వేలికి అతుక్కుపోయింది. నీళ్లతో తడిపి లాగితే దానితో పాటు పచ్చటి గుడ్డ ఊడొచ్చింది, గుడ్డ కింద పసుపు ముద్ద, పసుపు ముద్ద కింద చీము. వేల్పూరు నుంచి మేనత్త పంపిన కొత్త పసుపట, సున్నంలో కలిపి అవ్వ పెట్టిందట. బొటనవేలు నల్లబడి రేగుపండు లెక్క మెత్తగా ఉంది. ఇదంతా నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చూస్తుంటే బాపు నా మొహం చూసి నవ్వుతున్నాడు.

"నొప్పేం లేదు బిడ్డా. నొప్పి లేనిదానికి గింత ఆగమెందుకు?"

అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అంత కుళ్లిన వేలు నొప్పి పుట్టకపోవడం ఏమిటి? పసుపు మీద రోజూ కట్టు కట్టిస్తున్నానని, తగ్గుముఖమేనని అవ్వ అంది. ఎవరు కడుతున్నారంటే, ఆ కాకర రసం ఆయన పేరే చెప్పింది.

ఆయనకు మా వాడలో ఒక గది ఉంది. బోర్డు లేదు. ఊరంతా డాక్టర్ సాబ్ అంటుంది, ఏం చదివాడని అడిగినవాళ్లు లేరు. బాపును ఆటోలో ఎక్కించుకుని అక్కడికి పోయాను. బల్ల మీద సగం తిన్న మిర్చీ, దాని పక్కనే కత్తెర. ఆ కత్తెరను కర్టెన్‌కు తుడిచి బాపు కాలి మీదికి వంగాడు. దూది హార్లిక్స్ సీసాలో ఉంది, మూత లేదు, లోపల ఈగ ఉంది. నేను చెయ్యి అడ్డం పెట్టి, ముందు కత్తెర కడగమన్నాను. మీ బిడ్డకు చాదస్తం ఎక్కువని బాపుతో అన్నాడే గానీ కడగలేదు. ఇన్ని రోజులు ఏం మందు ఇచ్చావని అడిగితే పేపర్లో పొట్లం కట్టిన గోలీలు చూపించాడు. నొప్పి గోలీలట.

"నొప్పి లేదంటున్నడు గదా. మరి నొప్పి గోలీలెందుకు?" అని అడిగాను.

"ఇస్తున్న గాబట్కే నొప్పి లేదమ్మా," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో కనిపించిన తృప్తి మిర్చీ నూనె కంటే జిడ్డుగా ఉంది. కట్టు మీద దుమ్ము పడకుండా బూటు వేసుకొమ్మన్నది కూడా ఆయనేనట. అది కూడా గొప్పగానే చెప్పుకున్నాడు. నిజామాబాద్ తీసుకుపోతానంటే మాత్రం మొహం మాడ్చుకుని, బాపు వైపు తిరిగి, పెద్ద దవాఖానకు పోతే కాలు మోకాలి కాడికి కోసి చేతిలో పెడతారు, మీ ఇష్టం అన్నాడు. ఆయనకు వచ్చిన విద్య ఆ ఒక్క మాటే. దానితోనే ఇన్నేళ్లు జనాన్ని ఆ గదిలో కట్టేసి ఉంచాడు.

మాట పారింది. బాపు ఆటో ఎక్కనన్నాడు. కాలు లేకుండా బతకనన్నాడు. పొలానికి పోయేదెట్లా, చర్చి మెట్లెక్కేదెట్లా, ఒకరి మీద పడి బతకడం నాతో కాదన్నాడు. జీవితమంతా బరువులు మోసిన మనిషి, తనను ఇంకొకరు మోయడం తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవ్వ బతిమాలింది. నేను తిట్టాను. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు.

"కాలు కోస్తమంటె నన్ను ఎంటనే ఇంటికి తోల్కరావాలె. మాటియ్యి."

ఇచ్చాను. నిలబెట్టుకునే ఉద్దేశం లేకుండానే ఇచ్చాను.

నిజామాబాద్‌లో దవాఖానలన్నీ ఒకే దగ్గర కుప్ప పోసినట్టుంటాయి. మేము పోయినదాంట్లో కింద మందుల దుకాణం, మీద దవాఖాన. ఏ మందు రాసినా కిందనే దొరుకుతుంది, బయట ఎక్కడా దొరకదు, ఆ ఏర్పాటు అట్లాంటిది. వెయిటింగ్ హాల్లో టీవీ పెద్దగా మోగుతోంది, సీరియల్లో ఎవరో ఎవరికో విషం కలుపుతున్నారు. గోడ మూల కిళ్లీ ఉమ్ముతో ఎర్రగా ఉంది, దాని మీదే ఉమ్మివేయరాదు అని రాసి ఉంది. పక్కనే ఒక పసిపిల్ల మూత్రం పోస్తే తల్లి కాలి చెప్పుతో ఆ తడిని మా వైపు నెట్టింది. బాపు పాదాన్ని నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నేల మీద పెట్టడానికి మనసొప్పలేదు.

సర్జన్ చదువుకున్నవాడే, చేయి మంచిదే, అబద్ధం ఆడను. వేలు ఇక పనికి రాదని, తీసేయాలని చెప్పాడు. కుళ్లు పైకి పాకిందా లేదా అన్నది తీశాక తెలుస్తుందని, పాకితే కాలు గురించి ఆలోచించాలని అన్నాడు. ఇదంతా బాపుతో కాకుండా నాతో చెప్పాడు, అది కూడా సెల్‌ఫోన్ చూసుకుంటూ, ఇంగ్లీషు ముక్కలతో. బాపు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఒక్క వేలేనని చెప్పి నేను మిగతాది దాచాను.

వేలు తీశారు. ఆ తర్వాత రోజులు నాకు రోత అంటే ఏమిటో మళ్లీ నేర్పాయి. వార్డు మనిషి కట్టు మార్చడానికి వచ్చేవాడు. ఒక పేషెంటు దగ్గర్నుంచి ఇంకో పేషెంటు దగ్గరికి అవే గ్లౌజులతో, మధ్యలో అవే గ్లౌజులతో ఫోను ఎత్తేవాడు. రెండో రోజే వాడిని వద్దని చెప్పి, నర్సమ్మ దగ్గర నేర్చుకుని కట్టు నేనే కట్టడం మొదలుపెట్టాను. వేలు ఉన్న చోట గుంట. అందులోకి మందు తడిపిన గుడ్డ దూర్చాలి, మర్నాడు తీయాలి, తీస్తే దానితో ఏదో ఒకటి వచ్చేది. పంటి బిగువున ఊపిరి ఆపుకుని చేసేదాన్ని. నా మీద నాకే అసహ్యం పుట్టేది, కన్నతండ్రి కాలును చూసి మొహం తిప్పుకోవాలనిపిస్తోందేమిటని. బాపుకు అది తెలిసిపోయేది.

"నీతోని గాదు గీ పని. అవుతలకు పో బిడ్డా, నర్సమ్మ జేస్తది."

పోలేదు. ప్రేమ ఉంటే రోత పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. పోదు. రెండూ ఒకే చేతిలో ఉంటాయి, ఆ చేత్తోనే కట్టు కట్టాలి. కట్టాను. అవ్వ పొద్దంతా మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేది, నేను లోపలికి వచ్చినప్పుడల్లా నా మొహం చూసేది. మెల్లమెల్లగా గుంటలో ఎర్రటి కండ కనిపించింది. కుళ్లు పైకి పాకలేదని, కాలికి భయం లేదని సర్జన్ చెప్పిన రోజు బాపు నా చేయి పట్టుకుని, మాట నిలబెట్టుకున్నవ్ అన్నాడు. తల ఊపాను.

ఇంటికి పంపే రోజు సర్జన్ గదిలో కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. గోలీలు ఆపొద్దు, రోజూ పాదం చూసుకోవాలి, కాలికి స్పర్శ పోయింది కాబట్టి మేకు గుచ్చుకున్నా తెలియదు. చివరగా, లేస్తూ లేస్తూ, అందరికీ చెప్పే మాటే చెప్పాడు.

"ఇంక నుంచి బయటికెళ్తే షుగర్ చెప్పులే వేసుకోవాలి తాతా. వేరేవి వద్దు."

బాపు చిన్నబుచ్చుకున్నాడు. తనను మాట విననివాడని డాక్టరు అనుకుంటున్నాడేమోనని.

"అయ్యే ఏస్కుంటున్న గద సారూ. చెప్పులు గాదు, బూట్లే ఉన్నయి నాకు, షుగర్ల ఇచ్చినయి. క్యాంపుల డాక్టర్ సాబు జెప్పిన కాన్నుంచి ఒక్కపూట గూడ ఇడువలేదు."

సర్జన్‌కు అర్థం కాలేదు. నాకు అయింది. క్యాంపు డాక్టరు బరికాళ్లతో తిరగొద్దని మాత్రమే చెప్పలేదు. షుగర్ చెప్పులు వేసుకొమ్మని చెప్పాడు. రోగం ఉన్నవాళ్లకు అమ్మే మెత్తటి చెప్పుల గురించి ఆయన చెప్పాడు. బాపు ఇంటికొచ్చి, ఊళ్లో ఆ పేరుతో ఉన్న ఒకే ఒక్క పాదరక్షను అటక మీంచి దించుకున్నాడు. లోపల అరిగిన తోలు, వేలి వైపు తేలిన ఇనుప రేకు, స్పర్శ లేని వేలు. మడి దాకా పోతూ వస్తూ, రోజూ, ఎంతో బుద్ధిగా ఆ వేలును కోసుకున్నాడు. డాక్టరు మాట విని కోసుకున్నాడు.

నేను సర్జన్‌కు విడమరిచి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆయన నవ్వాడు. చిన్నగా కాదు, కుర్చీ వెనక్కి వాలి నవ్వాడు. పక్క గదిలోంచి ఇద్దరు చిన్న డాక్టర్లను పిలిచి, ఇది వినాలి మీరు, తాతా మళ్లీ ఒకసారి చెప్పు అన్నాడు. బాపు ఎందుకు నవ్వుతున్నారో తెలియక, పెద్దవాళ్లు అడిగారు కదా అని మళ్లీ చెప్పడం మొదలుపెట్టాడు. ఇన్ని రోజుల చీము, వాసన, కక్కు, ఏదీ నాకు అంత రోత పుట్టించలేదు. బాపు నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. మా బాపు తమాషా కాదని, ఆ మాట పుట్టించింది మీరేనని, ఏ ఊళ్లో ఏ మాటకు ఏ అర్థముందో అడగకుండా మైకు పట్టుకునేది మీరేనని అన్నాను. ఆయన నవ్వు ఆపి, కోపం చేసుకోకండి మేడం, మా పేషెంట్లతో ఇట్లాంటివి మామూలే అన్నాడు. మామూలేనట.

బోధన్ బస్సులో కిటికీ పక్కన బాపును కూర్చోబెట్టాను. కొంచెం దూరం పోయాక, డాక్టర్ ఎందుకు నవ్విండు బిడ్డా అని అడిగాడు. చెప్పక తప్పలేదు. రెండు షుగర్ల సంగతి, రెండు రకాల చెప్పుల సంగతి చెప్పాను. ఎడపల్లి దాటేదాకా ఆయన కట్టు కట్టిన కాలునే చూసుకున్నాడు. అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

"అయితె నా బూట్లే తిన్నయా నా ఏలును," అన్నాడు చివరికి. "గయ్యి శానా మంచియి బిడ్డా. కడ్డీ మీద వడ్డా కాపాడినయి."

ఇంటికి వచ్చాక అవ్వ వాటిని మురికి కాలువలో పడేస్తానంది. బాపు వద్దన్నాడు. లోపల ఎండిన చీమును తానే కూర్చుని గోకి, కడిగి, ఎండబెట్టి, పాలిష్ పెట్టి మళ్లీ అటక మీద పెట్టాడు. పాలిష్ ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఏడుస్తాడని భయం.

నిజామాబాద్ నుంచి నేను తెచ్చిచ్చిన షుగర్ చెప్పులు నల్లగా, మెత్తగా, అంటించే పట్టీలతో, చూడటానికి బొత్తిగా బాగుండవు. వాటితో మెల్లగా కుంటుతూ పొలం దాకా పోయి వస్తున్నాడు. చర్చి గుమ్మంలో విడవకుండా లోపలికి వేసుకుపోవడానికి పాస్టరు గారే ఒప్పుకున్నారు. బాపు మాత్రం సిగ్గుపడి వెనక వరసలో కూర్చుంటున్నాడు.

చలికాలంలో అదే ఫంక్షన్ హాల్లో మళ్లీ క్యాంపు పెట్టారు. నేను ఆ ఆదివారం బోధన్‌లోనే ఉన్నాను. పోనవసరం లేదు బాపూ, మన మందులు మనకున్నయి అన్నాను. పోవాలన్నాడు. పట్టుకుని తీసుకుపోయాను. అదే ఫ్లెక్సీ, మొహాలు కొన్ని మారాయి. అదే ఉప్మా, కుర్చీల కింద అదే రక్తం దూది. స్టేజీ మీద అదే డాక్టరని బాపు వేలు చూపించాడు. ఆయన మైకులో తీపి వద్దు, అన్నం తగ్గించండి అని చెప్పుకుంటూ పోయి, ముఖ్యమైన మాట అంటూ గొంతు పెంచాడు. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ షుగర్ చెప్పులే వేసుకోవాలి, బరికాళ్లతో ఒక్క అడుగు వేయొద్దు అన్నాడు. ముందు వరసలో పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు.

బాపు స్టేజీ వైపు చూడటం లేదు. కిందికి చూస్తున్నాడు, కుర్చీల వరసల కింద, జనం కాళ్లను. నేనూ అటే చూశాను. హవాయి చెప్పులు, ప్లాస్టిక్ చెప్పులు, పగిలిన మడమలు. రెండు వరసల అవతల నల్ల బూట్లు. పాలిష్ పెట్టి ఉన్నాయి.

బాపు లేచాడు. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని, కుర్చీలు పట్టుకుంటూ అక్కడికి పోయాడు. ఆ మనిషి బాపుతో పాటు ఫ్యాక్టరీలో పని చేసినవాడే. మహారాష్ట్ర బార్డరు అవతలి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, బాపు కంటే చిన్న. బాపు ఆ దూది, ఆ ఉప్మా మెతుకుల మీదే నేల మీద కూర్చుని ఆయన బూటు తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. ఆయన సిగ్గుతో కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఏం జేస్తున్నవన్నా? డాక్టరే జెప్పిండు గద, షుగర్‌వే ఏస్కోమని."

"ఏ షుగర్ అని అడిగినవా?" అన్నాడు బాపు. హాలంతా వినపడేటట్టు అన్నాడు. "మన షుగర్ గాదు తమ్మీ. మనది బందైంది."

బూటు ఊడింది. రెండు వరసల ఇవతల నిలబడ్డ నాకు కూడా వాసన వచ్చింది. స్టేజీ మీద డాక్టరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.